మొదటి అద్దె ఫ్లాట్: బయానా ముందు నుంచి తాళాలు తిరిగి చేతికొచ్చే దాకా

"ఒక ఫ్లాట్ కొని అద్దెకిద్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. తీరా మాట్లాడితే సగం మంది అప్పటికే బయానా ఇచ్చేసి ఉంటారు. లక్షో రెండు లక్షలో చెయ్యి దాటాక కాగితంలో లోపం ఉన్నా మనసు దాన్ని చూడనివ్వదు. అందుకే ఇందులో చెప్పే పనులకన్నా అవి చేసే వరుస ముఖ్యం.

ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వి, అద్దె చట్టం తెలంగాణది. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్ళకు కొనుగోలు భాగం దాదాపు ఇదే. అద్దె చట్టం మాత్రం అక్కడ వేరు, 2017లో కొత్తది చేసుకున్నారు. ఖాళీ చేయించే విషయం వచ్చినప్పుడు అక్కడి లాయర్‌నే అడగండి.

1. ముందు లెక్క, తర్వాత ఇల్లు

అద్దెతో ఈఎంఐ కట్టుకుపోతుందనే ఆశ మొదటే వదిలేయండి. ఒక మామూలు లెక్క చూడండి.

- ఫ్లాట్ ధర: 70 లక్షలు
- స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం: 5.25 లక్షలు
- కబోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, గ్రిల్స్, కార్పస్ ఫండ్ (బిల్డింగ్ పెద్ద ఖర్చులకని ఒకేసారి కట్టే డబ్బు): 2.75 లక్షలనుకోండి
- మొత్తం: 78 లక్షలు

నెలకు 22,000 అద్దె వస్తే ఏడాదికి 2,64,000. ఇందులో ఒక నెల ఖాళీ పోతే 22,000, ఆస్తి పన్ను 6,000, బ్రోకర్‌కి సగం నెల అద్దె 11,000, రిపేర్లకు, రంగులకు 20,000 తీసేయండి. మిగిలేది 2,05,000. పెట్టిన 78 లక్షల మీద ఇది 2.6 శాతం.

50 లక్షల లోన్ 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 43,400. అద్దె పోను నెలకు ఇంకో 21,000 జేబులోంచి కట్టాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెల 43,400 మొత్తం మీదే. ఆరు నెలలు అద్దె రాకపోయినా ఈఎంఐ తప్పకుండా కట్టగలిగితేనే ముందుకెళ్ళండి.

బ్యాంకులు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్లకు ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇస్తాయి. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపవు. అది చేతి డబ్బే.

2. ఫ్లాట్ కంటే ముందు బిల్డింగ్ చూడండి

మొదటిసారి కొనేవాళ్ళు కిచెన్ టైల్స్ చూస్తారు. అద్దెకుండేవాళ్ళు చూసేవి నీళ్ళు, లిఫ్టు, పార్కింగ్, ఆఫీసుకో మెట్రోకో ఎంత దూరం అన్నవి.

మియాపూర్ వైపు ఒక ఫ్లాట్ నాకు బాగా నచ్చింది. తూర్పు ముఖం, గాలి, వెలుతురు, ధర అన్నీ కుదిరాయి. మే నెలలో పొద్దున ఆరున్నరకు ఒక్కడినే వెళ్ళి నాలుగో అంతస్తులో కుళాయి తిప్పాను. ముందు బుస్సుమని గాలి, తర్వాత ఎర్రటి నీళ్ళు నాలుగు చుక్కలు. వాచ్‌మన్ వరండాలో పళ్ళు తోముకుంటూ చెప్పాడు: "మార్చి దాటితే బోరు పనిచెయ్యదు సార్. రోజుకు రెండు ట్యాంకర్లు. మెయింటెనెన్స్ కాక అది వేరే." ఈ మాట బ్రోకర్ నోట నెల రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు.

కాబట్టి కనీసం రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి ఎండాకాలం పొద్దున, ఒకసారి వాన పడిన రాత్రి. ఎండాకాలం దాకా ఆగలేకపోతే అసోసియేషన్ దగ్గర గత ఏప్రిల్, మే ట్యాంకర్ల ఖర్చు అడగండి. సెల్లార్‌లో నీళ్ళు నిలుస్తాయేమో గోడ మీద మరకలే చెబుతాయి.

చూడాల్సినవి:

- మంజీరా లేదా కృష్ణా నీళ్ళ కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తోందా
- మెయింటెనెన్స్ ఎంత, బకాయి పడ్డవాళ్ళు ఎంతమంది
- లిఫ్టుకు, మోటారుకు జనరేటర్ ఉందా
- కారు పార్కింగ్ ఈ ఫ్లాట్‌కే రాసి ఉందా, "ఎక్కడో ఒకచోట పెట్టుకోవచ్చు" అంటున్నారా
- బ్యాచిలర్లకు ఇవ్వకూడదన్న రూల్ అసోసియేషన్ పెట్టుకుందా (ఐటీ కారిడార్‌లో ఇది మీ అద్దెను నేరుగా తగ్గిస్తుంది)
- వాస్తు. మీకు నమ్మకం లేకపోవచ్చు, అద్దెకొచ్చే పది కుటుంబాల్లో ఎనిమిది మంది దిక్సూచి యాప్ తీసి చూస్తారు

3. కాగితాలు: ఇక్కడ తొందర పడకండి

లాయర్‌కి ఇచ్చే ఫీజు మొత్తం ఖర్చులో చిల్లర. అయినా లాయర్ దగ్గరికి వెళ్ళేలోపు ఈ కాగితాలు మీరే ఒకసారి చదవండి. చదివితే ఏం అడగాలో తెలుస్తుంది. బ్యాంకు లోన్ ఇచ్చింది కదా, లీగల్ అంతా క్లియరే అనుకోకండి. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత.

లింకు డాక్యుమెంట్లు. కనీసం 30 ఏళ్ళ వరుస కావాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక తెల్ల కాగితం మీద గీసుకోండి. మధ్యలో ఒక మెట్టు తప్పితే అక్కడే ఆగండి. చాలా అపార్టుమెంట్లలో స్థలం ఒకరిది, కట్టింది బిల్డర్. వాళ్ళిద్దరి మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, ఏ ఫ్లాట్ ఎవరి వాటాకు వచ్చిందో చెప్పే సప్లిమెంటరీ అగ్రిమెంటు ఉంటాయి. రెండూ చూడాలి. మీకు అమ్మేది బిల్డర్ అయితే ఆ ఫ్లాట్ బిల్డర్ వాటాలోనే ఉండాలి.

స్థలం తాతల నాటిదైతే ఆడపిల్లల సంతకాలు వెతకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు పూర్వీకుల ఆస్తిలో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. "మా చెల్లెళ్ళకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం" అన్నది నోటి మాట. దానికి కాగితం కావాలి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. ఈసీ మీద ఏమీ లేదంటే అప్పు లేనట్టు కాదు. రిజిస్టర్ చేయకుండా బ్యాంకులో ఒరిజినల్స్ పెట్టి తెచ్చుకున్న అప్పు అందులో కనిపించకపోవచ్చు. అందుకే ఒరిజినల్ డాక్యుమెంట్లు కళ్ళతో చూడాలి. జిరాక్స్ చూపిస్తూ "ఒరిజినల్స్ ఊళ్ళో ఉన్నాయి" అంటే, ఊరికి వెళ్ళి చూసొస్తాననండి.

ఈసీలో ఇంకోటి జాగ్రత్తగా చూడాలి. జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే వైశాల్యంలో 10 శాతాన్ని తమ పేర తాకట్టు పెట్టించుకుంటాయి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తెచ్చుకుంటేనే విడిపిస్తాయి. అలా తాకట్టులో ఉన్న ఫ్లాట్లను కొందరు మూడు నాలుగు లక్షలు తగ్గించి అమ్ముతారు. నాకు తెలిసిన ఒకాయన రెండో అంతస్తు ఫ్లాట్ ఎందుకంత చవకగా వస్తోందో నెల రోజులు ఆశ్చర్యపోయాడు. ఈసీ తీస్తే రెండో లైన్లోనే కమిషనర్ పేరు మీద మార్ట్‌గేజ్ ఉంది. విడుదల పత్రం చేతికొచ్చే దాకా అలాంటిది కొనకండి.

ప్లాన్, ఓసీ. మంజూరైన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టి, రోడ్డు మీద నిలబడి బిల్డింగ్‌వి లెక్కపెట్టండి. స్టిల్టు (కింద పార్కింగ్‌కి వదిలిన అంతస్తు) మీద 5 అంతస్తులకు అనుమతి తీసుకుని పైన పెంట్‌హౌస్ వేయడం మన దగ్గర మామూలైపోయింది. ఆ పెంట్‌హౌస్ అద్దె బాగా తెస్తుంది, అమ్మబోతే మాత్రం లోన్ వచ్చే కొనుగోలుదారు దొరకడు. ఓసీ ఉన్న ఫ్లాట్‌కి ఇంకో లాభం, జీఎస్టీ ఉండదు. కడుతున్నదానికి 5 శాతం పడుతుంది, చౌక ఇళ్ళ కేటగిరీలోకి వస్తే 1 శాతం.

రెరా (ప్రాజెక్టులను నమోదు చేసే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ). 500 చదరపు మీటర్ల స్థలం, 8 ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టుకు రెరా నంబర్ తప్పనిసరి. ఆ నంబర్‌తో సైట్‌లో వెతికితే మంజూరైన ప్లాన్, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో, కార్పెట్ ఏరియా ఎంతో అన్నీ కనిపిస్తాయి. బ్రోచర్‌లో 1,450 చదరపు అడుగులు అని ఉన్నా, అద్దెకుండేవాళ్ళు కాలు పెట్టే చోటు కార్పెట్ ఏరియాయే.

నిషేధిత జాబితా, చెరువు. సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి. ప్రభుత్వ, అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో ఉంటాయి. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు) మ్యాపు చూడాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ తర్వాత ఇంకో 30 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని జాగా), అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక "లేక్ వ్యూ" అన్న మాట విని సంతోషించే రోజులు పోయాయి.

నోటరీ, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకాలు. సేల్ డీడ్ రిజిస్టర్ కాకుండా జీపీఏ, అగ్రిమెంట్ల మీద కొంటే యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎంత చవకైనా మొదటి పెట్టుబడికి వీటి జోలికి వెళ్ళకండి.

అన్‌డివైడెడ్ షేర్. మీ ఫ్లాట్‌కి ఎన్ని గజాల స్థలం వాటా వస్తుందో సేల్ డీడ్‌లో ఉండాలి. ముప్పై ఏళ్ళకు బిల్డింగ్ పాతబడినా ఆ గజాలకు విలువ ఉంటుంది.

4. బయానా, డబ్బు, రిజిస్ట్రేషన్

బయానా అగ్రిమెంటులో ఒక్క వాక్యం తప్పక రాయించండి: లీగల్‌గా గానీ, బ్యాంకు లోన్ విషయంలో గానీ ఆస్తి కాగితాల లోపం వల్ల కొనుగోలు ఆగితే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. అమ్మేవాళ్ళు మొదట ఒప్పుకోరు. కాగితాలు బాగున్నవాళ్ళు కాసేపటికి ఒప్పుకుంటారు.

ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే ధరలోంచి కోసి, అమ్మినవాళ్ళ పాన్ మీద కట్టాలి. ఆ నెల ముగిసిన 30 రోజుల్లో కట్టకపోతే వడ్డీ, ఆలస్యపు ఫీజు మీ మీదే. అమ్మేవాళ్ళు ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం వర్తించదు. కోత చాలా ఎక్కువ ఉంటుంది, పద్ధతి కూడా వేరు. రిజిస్ట్రేషన్‌కి ముందే సీఏని కలవండి. ఏ దేశంలో ఉంటున్నారో అడగడం మర్యాద కాదనుకుని ఊరుకున్నవాళ్ళకు తర్వాత నోటీసులు వచ్చాయి.

కొంత బ్లాక్‌లో ఇమ్మంటే ఒప్పుకోకండి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ మొత్తం ఖర్చు కింద చూపించలేరు, దాని మీద లాభం పన్ను మీరే కడతారు.

5. రిజిస్ట్రేషన్ అయిన నెలలోపు

- ఆస్తి పన్ను రికార్డులో పేరు మార్పించండి (మ్యుటేషన్)
- కరెంటు మీటర్ మీ పేరు మీదికి మార్చండి, పాత బకాయి లేదని చూసుకోండి
- నీళ్ళ కనెక్షన్ విడిగా ఉంటే అది కూడా
- అసోసియేషన్ నుంచి నో డ్యూస్ తీసుకోండి
- తాళాలు మార్చండి; పాత ఓనర్, బ్రోకర్, వడ్రంగి ముగ్గురి దగ్గరా డూప్లికేట్లు ఉంటాయి

జీహెచ్ఎంసీ ఎర్లీ బర్డ్ పథకం ప్రకటించిన ఏప్రిల్‌లో ఆ ఏడాది ఆస్తి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది.

6. అద్దెకు సిద్ధం చేయడం

మీరుండబోయే ఇంటిలా చేయకండి. ఫాల్స్ సీలింగ్‌లో రంగు లైట్లు పెడితే అద్దె వెయ్యి పెరుగుతుందేమో, అవి పాడైనప్పుడల్లా ఫోన్ మీకే వస్తుంది. డబ్బు పెట్టాల్సింది బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ మీద, మంచి కుళాయిల మీద, ఎంసీబీల మీద, దోమతెరల తలుపుల మీద. కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ దిగితే రెండు కుటుంబాలతో గొడవ.

రంగు ఇల్లంతా ఒకటే వేయించి, షేడ్ నంబర్ రాసి పెట్టుకోండి. తర్వాత ఒక గోడే వేయించుకోవచ్చు.

7. ఎవరికివ్వాలి

కులం, ఊరు అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అద్దె సమయానికి వస్తుందా లేదా అన్నది అది చెప్పదు. ఇవి చెబుతాయి:

- ఆధార్, పాన్ కాపీలు, కంపెనీ ఐడీ లేదా మూడు నెలల జీతం స్లిప్పులు
- జీతంలో అద్దె మూడో వంతు దాటుతోందా
- ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు
- అంతకు ముందున్న ఇంటి ఓనర్ నంబరు

చివరిది నాకు ఆలస్యంగా తెలిసిన కిటుకు. ఇప్పుడున్న ఓనర్ ఆయన్ని వదిలించుకోవాలనుకుంటే మీతో బంగారంలాంటి మనిషి అంటాడు. దానికి ముందు ఓనర్‌కి అబద్ధం చెప్పే అవసరం ఉండదు.

వివరాలు స్థానిక పోలీస్ స్టేషన్‌లో టెనెంట్ వెరిఫికేషన్‌కి ఇవ్వండి. రేపు ఏదైనా కేసు వస్తే మీరు చెప్పుకోవడానికి ఆ రసీదు పనికొస్తుంది.

"మొత్తం ఫ్లాట్ మాకివ్వండి, అద్దె 5 వేలు ఎక్కువిస్తాం" అని వచ్చేవాళ్ళలో కొందరు లోపల మంచాలు వేసి హాస్టల్ నడుపుతారు. ఆస్తి పన్ను, కరెంటు కమర్షియల్ కేటగిరీలోకి పోతే నోటీసు వచ్చేది మీకే.

8. అగ్రిమెంటు

అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకోవాలి. కేంద్ర చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాలి. చేయని మూడేళ్ళ లీజులో మీరు రాసుకున్న షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. 11 నెలలకు ఆ ఇబ్బంది లేదని అందరి నమ్మకం. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఏడాది లోపు లీజు కూడా రిజిస్టర్ చేయాలి. ఇంకోటి, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకోవడం మన అలవాటు. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టిన పత్రం కోర్టుకెళ్తే తక్కువైన మొత్తంతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు. డాక్యుమెంట్ రైటర్‌ని సరైన డ్యూటీ ఎంతో అడిగి కట్టేయండి.

జిరాక్స్ షాపులో దొరికే రెడీమేడ్ ఫారం వాడినా ఈ విషయాలు చేర్పించండి:

- ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి పేర్లు
- అద్దె ఎంత, ఏ తేదీ లోపు, ఏ ఖాతాకు (నగదు వద్దు)
- మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, అసోసియేషన్ పెంచితే ఎవరి మీద
- అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వాపసు
- పెయింటింగ్ కోత ఉందా, ఉంటే ఎంత (ఇక్కడ చాలామంది ఒక నెల అద్దె పట్టేస్తారు, ముందే రాయకపోతే పట్టుకోకండి)
- 11 నెలల తర్వాత కొనసాగితే పెంపు ఎంత
- ఇద్దరిలో ఎవరైనా ఎన్ని రోజుల ముందు చెప్పాలి
- వేరేవాళ్ళకు అద్దెకివ్వకూడదు, వ్యాపారం చేయకూడదు
- చిన్న రిపేరుకు ఎంతవరకు వాళ్ళు, ఎంత దాటితే మీరు
- సామాన్ల జాబితా, మీటర్ నంబరు, రీడింగ్

అడ్వాన్స్ హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలు. కేంద్రం 2021లో రూపొందించిన మోడల్ అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలలే పరిమితి అంది. తెలంగాణలో అది అమల్లో లేకపోయినా అంతకన్నా ఎక్కువ అడిగితే మంచి కుటుంబాలు పక్క బిల్డింగ్‌కి పోతాయి.

11 నెలలు అయిపోయాక కొత్త అగ్రిమెంటు రాసుకోకుండా అద్దె తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దె కింద మారుతుంది. ఖాళీ చేయించడానికి అప్పుడు 15 రోజుల నోటీసు చాలు. కానీ పెంపు, పెయింటింగ్ లాంటి వాటి మీద వాదనలు మొదలవుతాయి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని 10వ నెలలోనే మాట్లాడండి.

9. తాళాలు ఇచ్చే రోజు

నా మొదటి అద్దెదారులు వెళ్ళేటప్పుడు హాల్లో టీవీ బిగించిన చోట పెచ్చు ఊడి, చుట్టూ 14 మేకుల రంధ్రాలున్నాయి. నేను మూడు వేలు పట్టుకుంటానన్నాను. "మేమొచ్చేటప్పటికే ఉన్నాయంకుల్, మీరే మర్చిపోయారు" అన్నాడా అబ్బాయి, చాలా మర్యాదగా. నా దగ్గర ఫొటో లేదు. అడ్వాన్స్ మొత్తం ఇచ్చి పంపాను.

ఇప్పుడు తాళాలు ఇచ్చేముందు ప్రతి గదినీ వీడియో తీసి, అక్కడే వాళ్ళ వాట్సాప్‌కి పంపుతాను. "చూశాం, ఓకే" అని వాళ్ళు రిప్లై ఇచ్చాకే తాళాలు. పది నిమిషాల పని.

- ప్రతి కుళాయి, ఫ్లష్, గీజర్, ఫ్యాను వేసి చూపించండి
- మీటర్ రీడింగ్ ఫొటో
- ఎన్ని తాళం చెవులిచ్చారో రాసి సంతకం
- ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్ నంబర్లు ఇవ్వండి. ఆదివారం మీ ఫోన్ మోగడం తగ్గుతుంది

ఇల్లు ఇచ్చాక అది వాళ్ళ ఇల్లు. చెప్పకుండా వెళ్ళి తలుపు కొట్టకండి. చూడాలనుకుంటే ఒక రోజు ముందు మెసేజ్ పెట్టండి.

10. అద్దె ఆగితే, ఖాళీ చేయకపోతే

టెన్షన్ పడాల్సింది మొదటి నెల కాదు. ఐదో తేదీ దాటితే మెసేజ్, పదిహేనుకు ఫోన్, నెల దాటితే రాతపూర్వకంగా. "అడ్వాన్స్‌లో కోసుకోండి సార్" అన్న మాటకు ఎప్పుడూ ఒప్పుకోకండి. రెండు నెలల అడ్వాన్స్ అద్దెకింద కరిగిపోయాక మీ చేతిలో ఏమీ ఉండదు.

రెండో నెల కూడా రాకపోతే లాయర్ చేత నోటీసు. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఉంది గానీ, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. కాబట్టి మీ ఫ్లాట్ కేసు దాదాపు ఖాయంగా సివిల్ కోర్టుకే వెళ్తుంది. 15 రోజుల నోటీసుతో అద్దె ఒప్పందం ముగిసిందని చెప్పి, ఖాళీ చేయించమని, బకాయి ఇప్పించమని దావా. ఏళ్ళు పట్టొచ్చు. అందుకే దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో రాజీకి ప్రయత్నించండి. ఒక నెల అద్దె వదులుకుని ఇల్లు చేతికొచ్చినా మీకు లాభమే.

ఇవి మాత్రం చేయకండి:

- కరెంటు, నీళ్ళు కట్ చేయడం, తాళం మార్చడం. చట్టం దారిలో కాకుండా బయటికి గెంటితే వాళ్ళు ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో మీరు ఓనర్ అన్నది కూడా అడ్డు రాదు.
- పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తడం. అద్దె కట్టకపోవడం నేరం కాదు, సివిల్ వివాదం అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.
- దావా నడుస్తుండగా లాయర్‌ని అడగకుండా అద్దె తీసుకోవడం. ఎలా తీసుకోవాలో ఆయన రాయించి ఇస్తాడు.

"పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందట కదా" అని అడగని ఓనర్ లేడు. మీ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్ళకు ఆ హక్కు రాదు. అద్దెకు దిగినవాడు అద్దెలో ఉండగా ఓనర్ హక్కునే కాదనడానికి చట్టం ఒప్పుకోదు. అసలు ప్రమాదం అగ్రిమెంటు లేకుండా, అద్దె తీసుకోకుండా, చుట్టాలనో తెలిసినవాళ్ళనో ఇల్లు అప్పగించి వదిలేసిన చోట ఉంది.

11. పన్ను

అద్దెలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్లకని ఉత్తినే తగ్గిస్తారు. బిల్లులు చూపక్కర్లేదు. ఆపైన లోన్ వడ్డీ. పై ఉదాహరణలో, అన్ని నెలలూ అద్దె వచ్చిందనుకుంటే, 2,58,000లో 77,400 పోగా 1,80,600. మొదటి ఏడాది వడ్డీ సుమారు 4,21,000. అంటే దాదాపు 2,40,000 నష్టం. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో వడ్డీని అద్దె మేరకు చూపించుకోవచ్చు గానీ, నష్టాన్ని జీతంలో కలపడానికి వీల్లేదు. ఏ విధానం ఎంచుకోవాలో ఫ్లాట్ కొనేముందే లెక్క వేయించండి.

అద్దె నెలకు 50,000 దాటితే అద్దెదారు 2 శాతం టీడీఎస్ కోయాలి (2024 అక్టోబరు నుంచి, అంతకు ముందు 5 శాతం). మీ డబ్బుతో భార్య పేరు మీద కొంటే అద్దె ఆదాయం మీ లెక్కలోకే వస్తుంది. ఇద్దరూ డబ్బు పెట్టి ఇద్దరి పేర్లూ రాయించుకుంటే వాటాల ప్రకారం పంచుకోవచ్చు.

12. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి కొనేవాళ్ళకు

ఫ్లాట్లు కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. అద్దె మామూలుగా ఎన్ఆర్ఓ ఖాతాకు (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్ఆర్ఐలు తెరిచే ఖాతా) వస్తుంది. అద్దె ఎంతైనా సరే అద్దెదారు 30 శాతం, సెస్‌తో 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. చాలామంది అద్దెదారులకు ఈ సంగతి తెలీదు. అగ్రిమెంటులో రాసి, ముందే చెప్పండి. ఎక్కువ కోసింది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక్కడి అన్నయ్యకో బావకో పవర్ ఇస్తుంటే అద్దె వసూలు, అగ్రిమెంట్ల సంతకం వరకే ఇవ్వండి. అమ్మే అధికారం అందులో కలపకండి. అక్కడి కాన్సులేట్‌లో సంతకం చేసి పంపిన జీపీఏ ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. మనవాళ్ళు ఆ కవరు బీరువాలో పెట్టి ఏడాది తర్వాత తీస్తారు.

13. ఖాళీ చేసే రోజు

నోటీసు ఇచ్చిన వారంలోనే వెళ్ళి ఒకసారి చూసి, ఏమేం సరిచేయాలో మెసేజ్‌లో రాయండి. వాళ్ళే చేయించుకుంటే కోత గొడవ ఉండదు. పాత ఫర్నిచర్ మోసేవాళ్ళు తలుపు చెక్కలు గీరేది చివరి రోజే కాబట్టి సామాను లారీ ఎక్కాకే ఆఖరి తనిఖీ.

- చేరినప్పటి వీడియో పక్కన పెట్టుకుని గదులు చూడండి
- మీటర్ రీడింగ్ ఫొటో తీసి, ఆ రోజు వరకు కరెంటు బిల్లు లెక్క
- మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ మెసేజ్
- గ్యాస్, ఇంటర్నెట్ కనెక్షన్లు వాళ్ళ పేర మీద ఆ అడ్రస్‌కి మిగలకుండా
- కోతలు ఏవైనా ఉంటే లైను లైనుగా రాసి, బిల్లు జత చేయండి
- మిగిలిన అడ్వాన్స్ బ్యాంకు ద్వారా. "అద్దె, అడ్వాన్స్ లెక్క పూర్తయింది, ఇల్లు అప్పగించాం" అని ఇద్దరి సంతకాలతో ఒక కాగితం

తాళం చెవులు లెక్కపెట్టుకోండి. మూడిచ్చి ఉంటే మూడూ రావాలి. మూడోది పనిమనిషి దగ్గరుంటుంది.